వాగ్దానం కార్డు, కులం సర్టిఫికెట్



పోయిన భాగంలో సంక్షేమ హాస్టళ్ల గురించి రాశాను. ఈసారి దాని కొనసాగింపే రాయాలి. కానీ ఈ మధ్య ఉస్మానియాలో, ఉప్పల్లో కలిసిన పిల్లలు ఒకే ప్రశ్నను తలా ఒక తీరుగా అడుగుతున్నారు. "అన్నా, ఉద్యోగం పోయినా, ఇల్లు మారినా, సంబంధం వచ్చినా మా అమ్మ ప్రార్థన చేద్దాం, దేవుడే దారి చూపిస్తడు అంటది. నేను అంబేడ్కర్‌ను చదువుకున్న. ఆమెతో ఏం మాట్లాడాలె?" అని ఒకరు. "అన్నా, నాకు నిజంగనే నమ్మకం ఉంది. మన సంఘంలో ఆ మాట అంటే నవ్వుతరు, చర్చిలో సంఘం మాట అంటే మొఖం తిప్పుకుంటరు" అని ఇంకొకరు.

గమనించారా, ఆ రెండో మాటలో 'సంఘం' అనే పదం ఎటు పోతే అటు అర్థం మారుతుంది. మనోళ్లకు చర్చి కూడా సంఘమే, యూనియనూ సంఘమే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఊళ్లలో 'సంఘపోళ్లు' అంటే దొర మీద తిరగబడ్డ వాళ్లు. మూడు అర్థాలకూ ఒకే మాట ఉన్న జనం మనం. అయినా ఒక సంఘంలో ఉన్నోళ్లకు ఇంకో సంఘం పొసగదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టేవాళ్లు తీరిగ్గా తిట్టొచ్చు. మన అమ్మల నమ్మకం మూఢత్వం కాదు. మాలపల్లె, మాదిగగూడెం ఈ నూటయాభై ఏళ్లలో సంపాదించుకున్న ఆస్తుల్లో అదొకటి. కానీ ఆ ఆస్తిని కొందరు మనల్ని నోరుమూయించడానికి వాడుతున్నారు. దేవుని మీద ఆనుకోవడం అంటే అడగకుండా ఊరుకోవడం అని నేర్పుతున్నారు. దాని మీద మన ఉద్యమాలు మాట్లాడాల్సింది పోయి, నవ్వి పక్కకు జరుగుతున్నాయి.

నాచారం తెలియని వాళ్లకు రెండు మాటలు. హబ్సిగూడ దాటి లోపలికి వస్తే హెచ్ఎంటీ నగర్, ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ ఆసుపత్రి, ముందుకు పోతే మల్లాపూర్, ఇంకా పోతే చర్లపల్లి. జనగామ, ఆలేరు, భువనగిరి వైపు బస్సెక్కిన మనిషి హైదరాబాద్‌లో మొదట కాలు పెట్టేది ఉప్పల్లో. నల్గొండ, వరంగల్ జిల్లాల వాడల్లోంచి వచ్చిన వాళ్లు ప్యాకింగుకు, లోడింగుకు, హెల్పర్లుగా ఈ షెడ్లలో చేరారు. ఇరుకు గల్లీల్లో ఒక్క రూము, ముందు రేకుల వంటగది, ఆరిళ్లకు ఒక బాత్రూము. వాళ్లతో పాటు వాళ్ల ఊరి చర్చి కూడా వచ్చింది. నల్గొండ వైపు బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్లు, పాలమూరు వైపు మెన్నోనైట్లు పనిచేసిన ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు. ఇక్కడికొచ్చాక మిషన్ పేరు పోయింది. మేడ మీద రేకుల షెడ్డు, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మిగిలాయి.

ఈ పదేళ్లలో ఈ చుట్టుపక్కల జరిగిన మార్పు చిన్నది కాదు. 2017 నవంబర్లో నాగోల్ మెట్రో వచ్చింది. 2023లో ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ వచ్చింది. 2018లో మొదలుపెట్టిన నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్లు మాత్రం ఏళ్లకేళ్లు అట్లాగే నిలబడి దుమ్ము తిన్నాయి. షెడ్లు కొన్ని గోదాములయ్యాయి, కొన్ని అపార్ట్‌మెంట్లయ్యాయి. అమ్మ ప్యాకింగ్ చేసిన చోట బిడ్డ కాల్ సెంటర్ క్యాబ్ ఎక్కుతోంది. కిరాయి పెరిగింది, పని పర్మినెంటు నుంచి కాంట్రాక్టుకు, కాంట్రాక్టు నుంచి రోజు కూలికి దిగింది. వీటిలో ఏ ఒక్కటీ మనల్ని అడిగి మారలేదు. అట్లాంటి చోట 'రేపు ఏం చేయాలి' అనే ప్రశ్న రోజూ వస్తుంది. ఆ ప్రశ్నకు మన అమ్మలకు అందుబాటులో ఉన్న జాగా ప్రార్థన గది. దాన్ని ఎక్కిరించే ముందు, మనం ఆ గల్లీలో ఇంకో జాగా ఏదైనా పెట్టామా అని చూసుకోవాలి.

ఇక వాగ్దానం కార్డు సంగతి. క్రైస్తవ ఇళ్లలో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసు. పన్నెండు దాటాక ఒక బుట్ట తిరుగుతుంది. అందులో చేయిపెట్టి ఒక కార్డు తీసుకోవాలి, దాని మీద ఉన్న వచనమే ఆ ఏడాదికి మీ వాగ్దానం. ఆ కార్డు బీరువా తలుపు మీద, బైబిల్లో, ఇప్పుడైతే ఫోన్ కవర్ వెనక ఉంటుంది. ఆ బుట్టల్లో నేను ఎక్కువసార్లు చూసింది యిర్మియా 29:11. దేవుని ఆలోచనలు మీకు హాని కోసం కాదు, సమాధానం కోసం, మీకు ముందు మంచి రోజులున్నాయి అనే అర్థం వచ్చే వచనం. ఉద్యోగానికి పోయే పిల్ల చేతిలో, ఆపరేషన్‌కు పోయే ముసలాయన దిండు కింద అదే కార్డు.

నాకు ఆ కార్డు మీద కోపం లేదు. దాని ముందు పది వచనాలు చింపేసి ఇవ్వడం మీదే కోపం. ఆ అధ్యాయం మొత్తం చదవండి, పావుగంట పట్టదు. అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోయిన జనానికి యిర్మియా రాసిన ఉత్తరం. ఎవరెవరిని పట్టుకుపోయారో రెండో వచనంలోనే ఉంది. రాజు, రాజమాత, అధికారులు, వాళ్లతో పాటు చేతిపని చేసేవాళ్లు, లోహపు పని చేసేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే ఐటీఐ ఫిట్టర్లు, వెల్డర్లు. ఇండస్ట్రియల్ ఏరియాకు కావలసిన జనం! వాళ్లకు ఆ ఉత్తరం ఏం చెప్పింది? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్నం బాగు కోరండి, అది బాగుంటేనే మీరు బాగుంటారు అని. ఎనిమిది, తొమ్మిది వచనాల్లో ఇంకో మాట చెప్పింది. మీ మధ్య తిరిగే ప్రవక్తల మాటలకు మోసపోకండి, వాళ్లను నేను పంపలేదు అని. పదో వచనంలో లెక్క చెప్పింది. 70 ఏళ్లు. ఆ తర్వాతే పదకొండో వచనం.

70 ఏళ్లు అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది ఆ మంచి రోజులు చూడరు. మనవళ్లు చూస్తారు. పైగా అందులో 'మీరు' అన్నది ఒక్క మనిషిని కాదు, మొత్తం జనాన్ని. ఆ వచనాన్ని కత్తిరించి ఒక్కొక్కరి చేతిలో పెడితే, ఒక జాతికి తరాల మీద ఇచ్చిన మాట కాస్తా ఈ ఏడాది నీ ప్రమోషన్ అయిపోయింది. ప్రమోషన్ రాకపోతే? "నీ విశ్వాసం చాలలేదమ్మా." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. అంతా రెండేళ్లలో అయిపోతుంది, బబులోను కాడి విరిగిపోతుంది అని జనం ముందు ప్రకటించాడు. యిర్మియా మెడ మీదున్న కొయ్య కాడిని తీసి విరగ్గొట్టి చూపించాడు కూడా. జనానికి ఎవరు నచ్చి ఉంటారు, 70 ఏళ్లన్నాయనా, రెండేళ్లన్నాయనా? ఇప్పుడు యూట్యూబ్ తెరిస్తే నాకు హనన్యాలే కనపడతారు. 'ఈ నెలలో నీ అప్పు తీరిపోతుంది', 'ఇరవై ఒక్క రోజుల ఉపవాసం, ఇరవై రెండో రోజు వీసా', కింద ఫోన్‌పే నంబరు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తా. మా అమ్మ ఇక్కడే ఒక కంపెనీలో పదకొండేళ్లు ప్యాకింగ్ చేసింది. ఒక శనివారం సాయంత్రం గేటు దగ్గర, సోమవారం నుంచి రావద్దన్నారు. నోటీసు లేదు. ఆ ఏడాది ఆమె కార్డు ఏదనుకున్నారు? అదే, యిర్మియా 29:11. ఆదివారం వాక్యం చెప్పిన దైవజనుడు ఒక తలుపు మూస్తే దేవుడు ఇంకో తలుపు తెరుస్తాడు అన్నాడు. ఆ తలుపు మూసింది దేవుడు కాదు, యజమాని. పారిశ్రామిక వివాదాల చట్టం అప్పుడు అమల్లో ఉంది. ఏడాది పైన పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల ముందు నోటీసు గానీ, దాని బదులు జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం పరిహారంగా కట్టాలి. అయిదేళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం గ్రాట్యుటీ వేరే. ఇవన్నీ 'దేవుడు మూసిన తలుపు' అనే ఒక్క మాట కింద పూడ్చిపెట్టబడ్డాయి.

అయితే కథ అక్కడ ఆగలేదు. అందుకే నేను ఆ గదిని కొట్టిపారేయను. శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. దానికి పాస్టరు ఉండడు, మైకు ఉండదు. ప్రార్థన అంశాలు చెప్పమంటారు. మా అమ్మ తన సంగతి చెప్పింది. ఇంకో కంపెనీలో పనిచేసే ఒక అక్క కండ్లు మూసుకునే ముందే అడిగింది, "వదినా, పీఎఫ్ స్లిప్పు ఉన్నదా నీ దగ్గర?" అని. చూస్తే తెలిసింది, కంపెనీ రికార్డులో ఆమె బాప్తిస్మం పేరుంది, రేషన్ కార్డులో, ఆధార్‌లో పుట్టు పేరుంది. పేరు కలవకపోతే పైసలు రావు. మన వాడల్లో ఇది ఎన్ని ఇళ్ల కథో మీకు తెలుసు. ఊళ్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు, బడిలో సారు రాసిన పేరు ఇంకొకటి. ఆ అక్కే ఇంకొకరిని పిలిచింది, ఆ ఇంకొకరి తమ్ముడు మీ సేవలో కూర్చుంటాడు. మూడు నెలలు తిరిగారు. పీఎఫ్ వచ్చింది, గ్రాట్యుటీ రాలేదు. ఆ మధ్యలో ఆమెకు కడుపు ఆపరేషన్ అయింది. ఈఎస్ఐ కార్డు ఇంకా చెల్లుతుందని చెప్పింది కూడా ప్రార్థన గుంపులో మనిషే. పని పోయిన రోజునే కార్డు పోతుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చందా కట్టిన ఆరు నెలలకు తగ్గ ప్రయోజన కాలం తర్వాత వస్తుంది. మనిషి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం పోతోంది, అది దానం కాదు.

"దేవుడు దారి చూపించిండు" అంటుంది మా అమ్మ ఈ రోజుకీ. నేను వాదించను. దారి చూపించిన మనుషులు ఎవరో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మనుషులు ఒకచోట కూడేలా చేసింది ఏమిటన్న దగ్గరే మా ఇద్దరి లెక్క వేరు. ఆ గది లేకపోతే ఆ పీఎఫ్ కాగితం ట్రంకు పెట్టెలో చెదలు పట్టేది. ఇది మాత్రం ఖాయం.

ఇది కొత్త సంగతి కాదు. ఒంగోలు చరిత్ర చూడండి. 1866లో అక్కడ జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు పని మొదలుపెట్టే నాటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి, కొత్త విశ్వాసాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. దొర వచ్చి మనోణ్ణి వెతకలేదు, మనోడే దొరను వెతుక్కున్నాడు అన్నది నేను ఎప్పుడూ చెప్పే మాట. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వాళ్లకు పని పెట్టించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం కలిశారు అనే మాట రాకూడదని. కరువు సాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'బియ్యం క్రైస్తవులు' అని మనల్ని వెక్కిరించే వాళ్లకు ఈ తేదీ చెప్పండి.

ఆ కాలంలో చేరేవాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలను మొక్కొద్దు. మూడోది మతం. మొదటి రెండూ ఏమిటి? వెట్టి చేసే మాదిగ వారంలో ఒక రోజు రానని కాపుకు చెప్పడం, గొడ్డు చస్తే ఈడ్చి, దాన్నే కూలి కింద తిన్న మనిషి నాకది వద్దనడం. వారపు సెలవు అనే మాట మన జనం చట్టంలో చదవకముందే బైబిల్ పట్టుకుని సాధించుకున్నారు. ఊరి పెద్దలు మండిపడింది విగ్రహం కోసం కాదు, ఆదివారం కోసం. నాచారంలో కాంట్రాక్టు మీద పనిచేసే పిల్లలు ఇప్పుడు ఆదివారం కూడా డ్యూటీకి పోతున్నారు. ఆ నూటయాభై ఏళ్ల కిందటి షరతు మీద ఒక్క ప్రసంగం చెప్పే పాస్టరు ఉంటే నేను ముందు వరసలో కూర్చుంటా.

మన ఉద్యమానికి కూడా ఈ గదులతో బాకీ ఉంది. 1985 జులై 17న కారంచేడులో నరికివేత జరిగాక ప్రాణాలతో బయటపడ్డవాళ్లు పరుగెత్తింది చీరాల చర్చి ఆవరణకు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం చుట్టూనే. 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత తెనాలిలో శిబిరం సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో. ఈ రెండు తేదీలకూ మీటింగులు పెడతాం. ఆ ఆవరణలు ఎవరివో చెప్పడం మర్చిపోతాం.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వస్తా. దళిత క్రైస్తవ కుటుంబంలో ప్రతి మార్పు దగ్గరా ఒక కాగితం అడ్డం పడుతుంది. ఇంటర్‌లో చేరేటప్పుడు, స్కాలర్‌షిప్ అప్పుడు, గ్రూప్స్ రాసేటప్పుడు, సర్పంచ్‌గా నిలబడేటప్పుడు, ఆఖరికి ఎవడైనా కులం పేరుతో కొట్టినప్పుడు. ఆ కాగితం మీద హిందూ అని ఉంటుంది, ఆదివారం మనం ఉండేది వేరే చోట. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాలు) ఉత్తర్వులో మూడో పేరా ఉంది. ఎస్సీ కావాలంటే హిందువై ఉండాలి అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయిన వాళ్లకు, వాళ్ల పిల్లలకు బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం.

ఈ పేరా ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే సూసై కేసు చదవండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే మనిషి, ఆది ద్రావిడ క్రైస్తవుడు. ప్రభుత్వం ఎస్సీ చెప్పుల పనివాళ్లకు ఉచితంగా బంకులిచ్చింది. పక్కనే కూర్చుని అదే చెప్పు కుడుతున్న ఈయనకు ఇవ్వలేదు. 1985లో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులం కొనసాగుతోందని చూపిస్తే చాలదు, అంతే తీవ్రమైన వివక్ష అక్కడా ఉందని నిరూపించాలి అని కొట్టేసింది. 2024 నవంబర్ 26న, రాజ్యాంగ దినం రోజునే, పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి పోయాక ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదని తేల్చింది. కొట్టేవాడు మాత్రం, కొట్టే ముందు నీ మతం ఏమిటని అడగడు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మూడో పేరా తీసేయమంది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగిస్తూ వచ్చారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానంతో పేరా చెరిగిపోదు, పార్లమెంటు చట్టం చేయాలి.

ఇప్పుడు చెప్పండి, పంతొమ్మిదేళ్ల పిల్ల ఎవరిని దారి అడగాలి? ప్రార్థన గదిలో ఈ మాట ఎత్తితే అందరూ నేల చూపులు చూస్తారు. ఆ గదిలో సగం మందికి ఈ భయం ఉంది. అందుకే ఆ మౌనం. పాస్టరు గారు ఒక్కోసారి ఇంకా ముందుకు పోయి, సర్టిఫికెట్ కోసం ప్రభువును ఎరగననడం పేతురు ఎరగనన్నట్టే అంటాడు. పేతురు ఏడ్చాడు, నిజమే. కానీ పేతురుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగలేదు. మన సంఘాల్లో అడిగితే, "చర్చి మానెయ్ కామ్రేడ్, సమస్యే ఉండదు." ఈ ఇద్దరి మాటలూ ఆ పిల్లనే తప్పుపడుతున్నాయి. తప్పు మూడో పేరాది. నేను ఎవరినీ అబద్ధం చెప్పమనను, చట్టం ఏమంటుందో తెలుసుకోకుండా కాగితం మీద సంతకం పెట్టమని కూడా అనను. ఆ పిల్లకు కావలసింది వచనం ముక్క కాదు, ఎదురుగా కూర్చుని, ఎస్సీ అయితే ఇది, బీసీ-సీ అయితే ఇది, ఈ దారిలో ఈ ప్రమాదం అని చెప్పే పెద్దమనిషి. అట్లాంటి మనిషి ప్రతి సంఘంలో ఉండాలి, రెండు అర్థాల్లోనూ.

బైబిల్లో దీనికి దారి లేదా అంటే ఉంది. సంఖ్యాకాండం 27 చూడండి. సెలోపెహాదుకు కొడుకుల్లేరు, అయిదుగురు బిడ్డలు. చట్టం ప్రకారం భూమి రాదు. ఆ అయిదుగురు ఇంట్లో కూర్చుని ఉపవాసం చేయలేదు. మోషే ముందు, యాజకుని ముందు, జనమంతా చూస్తుండగా నిలబడి మా నాయన భాగం మాకివ్వండి అన్నారు. మోషేకు జవాబు తెలియక దేవుణ్ణి అడిగితే, వాళ్లు చెప్పింది న్యాయమే అని వచ్చింది. చట్టం మారింది. దేవుని చిత్తం ముందే రాసిపెట్టి ఉంది, మనం దాన్ని కనిపెట్టాలి అని చెప్పే వాళ్లు ఈ అధ్యాయాన్ని ఏం చేసుకుంటారో నాకు తెలియదు. అక్కడ ఆడవాళ్లు అడిగితేనే చిత్తం బయటకొచ్చింది.

చర్చిలో కులం లేదా అనే పిల్లలకు కూడా ఒక మాట. ఉంది. మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఉన్న ఊళ్లు మనకు తెలుసు. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవుడు అని రాసి పక్కనే కులం రాస్తారు. సంబంధం ప్రభువు చిత్తం అంటారు గానీ, ఆ చిత్తం ఎప్పుడూ ఒకే కులంలో ఎట్లా పడుతుందో! సూసై కేసులో కోర్టు అడిగిన సాక్ష్యం మన చర్చిల్లోనే పుష్కలంగా ఉంది, సిగ్గుతో మనమే బయటపెట్టం.

అంబేడ్కర్‌ను చదువుకున్న తమ్ముడికి జవాబు బాకీ ఉన్నా. బాబాసాహెబ్ 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనన్నాడు. నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు. అన్ని మతాలనూ చదివాడు, క్రైస్తవులైన అంటరానివాళ్లు తమ హక్కుల కోసం గొంతెత్తరని ఘాటుగా రాశాడు. ఆ విమర్శ నేటికీ మన మీద ఉంది. కానీ మతమే దండగ అని మాత్రం అనలేదు. మనిషికి ఆనుకునే నీతి ఒకటి కావాలనే ఆ 21 ఏళ్లు వెతికాడు. మీ అమ్మ ప్రార్థనను రెండు నిమిషాల్లో తీసిపారేయడానికి ఆయన పేరు వాడకు. అమ్మ పక్కన కూర్చో. ఆమె కార్డు తీసుకుని, ఆ అధ్యాయం మొత్తం చదివి వినిపించు. చదువు రాని అమ్మలకు మనం చేయగల సాయం ఇది, దీనికి విశ్వాసం ఉండాల్సిన పని కూడా లేదు.

యిర్మియాలోనే 32వ అధ్యాయం దాకా వెళ్లండి. శత్రువు పట్నాన్ని చుట్టుముట్టాడు, యిర్మియా కాపలా ఆవరణలో ఖైదులో ఉన్నాడు. అప్పుడు చిన్నాయన కొడుకు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని పొలం. కొన్నాడు. వెండి తూచి ఇచ్చాడు, సాక్షులతో సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన పత్రం ఒకటి, వేయనిది ఒకటి, రెంటినీ మట్టికుండలో పెట్టి చాలా కాలం పాడవకుండా దాచమని బారూకుకు అప్పగించాడు. దేవుని మీద నమ్మకం ఉన్న మనిషి రిజిస్ట్రేషన్ కాగితం గురించి ఇంత జాగ్రత్త పడ్డాడు! మనోళ్ల దగ్గర అసైన్డ్ పట్టాలు, పీఎఫ్ స్లిప్పులు, గ్రాట్యుటీ ఫారాలు ఏ కుండలో ఉన్నాయి?

నాచారంలో, మల్లాపూర్‌లో మేడ మీద సంఘం నడిపే అయ్యగార్లకు నేను అడిగేది పెద్దది కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక ఒక గంట ఆ గది ఇవ్వండి. లా చదివే పిల్లలు ఇద్దరు వస్తారు. పీఎఫ్ పేరు సవరణలు, ఈఎస్ఐ, స్కాలర్‌షిప్, కులం సర్టిఫికెట్ సంగతులు చూస్తారు. పాట మీరు పాడించండి, ప్రార్థన మీరు చేయండి. కానుక పెట్టె మాత్రం ఆ గంట పక్కన పెట్టండి. ఇద్దరు అయ్యగార్లు ఒప్పుకున్నారు, ఒకాయన పెద్దలను అడిగి చెప్తానన్నాడు. ఉస్మానియా, నల్సార్ పిల్లలెవరైనా రావడానికి సిద్ధంగా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. బైబిల్ తెచ్చుకోకపోయినా పర్లేదు, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, అక్కడ కరెంటు పోతుంటుంది కాబట్టి ఛార్జింగ్ పెట్టుకుని రండి.

వచ్చే భాగంలో బీసీ-సీ ఒక్క శాతం ఎట్లా వచ్చింది, ఎవరికి అందుతోంది అనేది రాస్తా.